గులాబీ రంగు కోడిపిల్ల

మా చిన్నప్పుడు... కల్లాల్లో మిరపకాయలు ఆరే రోజుల్లో, సైకిల్ వెనక అట్టపెట్టె కట్టుకుని రంగు కోడిపిల్లలవాడు వచ్చేవాడు. గులాబీ, ఆకుపచ్చ, నీలం... గుడ్లు పెట్టవని ఫారంవాళ్లు వదిలించుకునే పుంజుపిల్లలవి. నిజానికి అన్నీ ఒకే రకం, ఒకే రంగు. వాటిని రంగునీళ్లలో ముంచి అమ్మేవాడు. మాకప్పుడు తెలియదు.

చెల్లి ఏడ్చి రెండు కొనిపించుకుంది. గులాబీది, ఆకుపచ్చది.

పెరట్లో నాయనమ్మ పెట్ట అప్పుడే పిల్లల్ని లేపింది. ఒకే తల్లి పిల్లలు... ఒకదానికొకటి పోలిక లేదు. ఒకటి నల్లది, ఒకటి ఎర్రది, ఒకటి మచ్చలది, ఒకటి మెడమీద ఈకే లేని బోడిది. చీకటి పడ్డాక నాయనమ్మ మా రెండింటినీ గంప కింద దాని రెక్కల్లోకి దోపింది. తెల్లారాక పెట్ట ఏమీ అనలేదు. అన్ని రంగుల మధ్య ఇంకో రెండు రంగులు... అంతే.

ఒకరోజు గద్ద దిగింది. పెట్ట అరవగానే దాని పిల్లలు కంప కిందికి దూరాయి. మావి గింజలు ఏరుకుంటూనే ఉన్నాయి. ఆకుపచ్చది గాల్లోకి లేచిపోయింది.

“మిషన్లో పుట్టినదానికి తల్లి కూతేం తెలుస్తుందే?” అంది నాయనమ్మ. చెల్లి ఏడుపు ఆపలేదు. “ఊరుకోవే! అంత రంగేసుకుని తిరిగితే గద్దకి కనపడదా మరి?”

చెల్లి ఆ మాట పట్టుకుంది. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే, గులాబీ పిల్లని కుంకుడు రసంతో రంగంతా పోయేదాకా కడిగింది. ఎండలో ఆరబెట్టి, తెల్లగా మెరిసేదాన్ని పెట్ట ముందు వదిలింది.

“ఇంక నిన్ను గద్ద చూడదులే.”

పెట్ట తల వంచి చూసింది... గుర్తుపట్టలేదు. నెత్తిన పొడిచింది. పిల్ల పారిపోలేదు. ఆ రెక్క కిందికే మళ్లీ మళ్లీ వెళ్లింది... చెల్లి చీపురు తెచ్చేలోపు అయిపోయింది.

నాయనమ్మ లేచొచ్చి దాన్ని కాలు పట్టుకుని పెంటకుప్ప మీదికి విసిరింది.

“పుట్టుకతో వచ్చిన రంగైతే పోయేదా?” అని నవ్వింది కూడా.

కాసేపటికి పెట్ట తన నల్లదాన్నీ, ఎర్రదాన్నీ, బోడిదాన్నీ వెంటేసుకుని ఆ కుప్పనే కెలుకుతోంది.

ఇప్పుడు మా ఊళ్లో నాటుకోడి కూడా ఫారం నుంచే వస్తోంది... అన్నీ ఒకే ఎరుపు. మొన్న చెల్లి కూతురు అడిగింది, కోడిపిల్లలు ఏ రంగులో ఉంటాయని. చెల్లి “అన్నీ ఒకటే రంగమ్మా” అని లోపలికి వెళ్లిపోయింది.

మీరూ కొనే ఉంటారు... మీది ఎన్నాళ్లు బతికింది?