కంప్రెషన్ టైట్స్ కింద దాగిన వాపు

ఆ ఉదయం మంచం దిగబోతే కాళ్లు లేవలేదు. తొడలు బండల్లా బిగుసుకుపోయాయి. గోడ పట్టుకుని బాత్రూమ్‌కు వెళ్తే యూరిన్ చిక్కటి డికాషన్ రంగులో వచ్చింది.

మాది తిరుత్తణి, మగ్గాల ఇల్లు. నేను తిరువళ్లూరులో బట్టల షాపులో పనిచేస్తాను. అక్కడే రైల్వే స్టేషన్ దగ్గరి జిమ్‌లో బరువులెత్తడం నాకు ప్రాణం. జిల్లా పోటీల్లో స్క్వాట్, అంటే భుజాల మీద బరువుతో కూర్చుని లేవడం, చేయాలని ఆశ. అమ్మకు ఒంట్లో బాగోక కొన్ని నెలలు మానేసి, మళ్లీ వెళ్లిన మొదటి రోజే పాత బరువులు పెట్టాను. ఒళ్లు ఏదీ మరిచిపోలేదన్న సంతోషంలో ఆపబుద్ధి కాలేదు. మర్నాడు నొప్పులు మొదలైతే, కండరాలు త్వరగా కోలుకుంటాయని కాళ్లను బిగించి పట్టే కంప్రెషన్ టైట్స్ వేసుకుని, వాటితోనే పడుకున్నాను.

మా ఆయన నా మేనబావే. గోడ పట్టుకుని వస్తుంటే చూశాడు.

"ఏమే, అట్ల నడస్తా ఉండావు? యాడ నొప్పి?"

"టైట్స్ వేసుకున్నా గదా బావా, రేపటికి సరిపోతాది."

యూరిన్ రంగు చెప్పగానే ఇంకేమీ వినలేదు. ఆటో పిలిచాడు.

ఆస్పత్రిలో టైట్స్ ఊడి రాలేదు. నర్సు కత్తెరతో కోసింది. వాచిన తొడల మీద టైట్స్ కుట్ల అచ్చులు లోతుగా పడ్డాయి. బ్లడ్ టెస్ట్‌లో కండరాలు దెబ్బతింటే పెరిగే సీపీకే విపరీతంగా ఉంది.

"రాబ్డోమయోలిసిస్," అన్నారు డాక్టర్. "కండరం చెడిపోయి రక్తంలో కలస్తా ఉందమ్మా. కిడ్నీలకు ప్రమాదం. ఈ టైట్స్ నొప్పిని కొంచెం తగ్గించొచ్చు. చెడిన కండరాన్ని బాగు చెయ్యవు. ఇంత వాపు మీద బిగిస్తే ఇంకా ఇబ్బంది."

సెలైన్ ఎంత ఎక్కించినా, కిడ్నీలు సరిగా పనిచేయకపోతే పెరిగే క్రియాటినిన్ పెరుగుతూనే ఉంది. డయాలిసిస్ చేయాల్సి వచ్చింది. ఆ మంచం మీద పడుకుని కూడా నేను అడిగింది ఒకటే: "మళ్లీ స్క్వాట్ ఎప్పుడు చేయొచ్చు సార్?"

"ముందు యూరిన్ బాగా రానీమ్మా."

వచ్చింది. ఇంటికి పంపారు, బరువు ముట్టుకోవద్దని చెప్పి. తొడలు సన్నబడ్డాయి. మా ఊరి మురుగన్ కొండ మెట్లు సగం ఎక్కేసరికి కాళ్లు వణికి, కూర్చుండిపోయాను. సాయంత్రం షాపు నుంచి రైలుకు వెళ్తూ జిమ్ ముందు నిలబడేదాన్ని. లోపల ఇనుప ప్లేట్ల చప్పుడు వింటూ ఉంటే ఒక్కోసారి రైలు తప్పిపోయేది. ఒకరోజు అరచేతులు చూసుకుంటే బరువులెత్తి కాసిన కాయలన్నీ మెత్తబడి ఉన్నాయి. ఏడుపు ఆగలేదు.

"చేతులు మెత్తగయితే ఎవురన్నా ఏడస్తారా?" అన్నాడు బావ. "రా, పోయి ఊరికే కూర్చోని వద్దాం," అని జిమ్‌కు తీసుకెళ్లాడు. బెంచీ మీద అతని పక్కన కూర్చుని, ఎవరో స్క్వాట్ చేస్తుంటే వాళ్లతో పాటు నేనూ ఊపిరి బిగబట్టాను.

ఇప్పుడు క్రియాటినిన్ నార్మల్. డాక్టర్ ఒప్పుకున్నాక ఖాళీ బార్‌తో మొదలుపెట్టి చిన్న ప్లేట్ల దాకా వచ్చాను. టైట్స్ ఇప్పటికీ వేసుకుంటాను, హాయిగా ఉంటాయి గనుక. నిద్రకు ముందు మాత్రం విప్పేస్తాను. పాత బరువు ఇంకా చాలా దూరం. పోటీల ఫోటోలు ఫోన్‌లో వస్తే మనసు అటే లాగుతుంది.

వ్యాయామం చేశాక నొప్పులు మామూలే. కానీ కాళ్లు వాచి బిగుసుకుపోయినా, యూరిన్ ముదురు రంగులో వచ్చినా, రేపు చూద్దాం అనుకోకండి. బిగుతు బట్టలు విప్పి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. మీకిష్టమైన బరువు మీరు మళ్లీ ఎత్తాలనే చెబుతున్నాను.