లిఫ్టు మెకానిక్ రాసిన మూర్ఛల పుస్తకం

మా వీధి లిఫ్టు మెకానిక్ జీవితంలో రెండు నేరాలు చేశాడు. మొదటిది నేరమే కాదని తేలడానికి ఎనిమిదేళ్లు పట్టింది. రెండోది నేరమేనని తేలడానికి అయిదు నిమిషాలు చాలాయి.

మొదటిది ఇదీ. కూతురికి ఏడో నెలప్పుడు భార్య స్నానానికి వెళుతూ పిల్లను చూస్తూ ఉండమంది. చూస్తూనే ఉన్నాడు, ఫోన్ మోగేదాకా. అయిదో అంతస్తులో ఇరుక్కున్న ఒక పెద్దమనిషికి ధైర్యం చెబుతుండగా పిల్ల మంచం మీంచి దొర్లి పడింది. పెద్దమనిషి క్షేమంగా బయటపడ్డాడు. పిల్ల కాసేపు ఏడ్చి నిద్రపోయింది. భార్య అడిగితే "ఆకలేసినట్టుంది" అన్నాడు.

ఏడాది తిరక్కుండా పిల్లకు మూర్ఛలు మొదలయ్యాయి. తలకేమైనా దెబ్బ తగిలిందా అని డాక్టరమ్మ అడిగినప్పుడల్లా నేలకేసి చూసి "లేదండీ" అనేవాడు.

రెండో నేరానికి ఉద్యోగమే శిక్షణ ఇచ్చింది. లిఫ్టు గదిలో వేలాడే కార్డు మీద నెలనెలా "అంతా సవ్యం" అని రాసి సంతకం పెట్టడం ఇరవయ్యేళ్ల అలవాటు. పిల్లకు ఆరేళ్లు దాటాక, వచ్చిన మూర్ఛలన్నీ రాసిపెట్టమని డాక్టరమ్మ ఒక పుస్తకం ఇచ్చింది. భార్య పగలంతా బట్టల కొట్లో ఉంటుంది గనక, బడి నుంచి పిల్లను తెచ్చుకునే ఆయనకే ఆ లేఖకుడి పదవి దక్కింది. పిల్ల చూపు నిలిచిపోయి ఎడమ చెయ్యి కొట్టుకోవడం మొదలైతే ఆయనకు ఆ మంచమే కనిపించేది. రాస్తే తన మీద తనే సాక్ష్యం చెప్పినట్టుండేది. మూడు వస్తే ఒకటి రాసేవాడు. "చిన్నదేలే" అని ఒకటి, "సగంలోనే ఆగిందిగా" అని ఇంకొకటి వదిలేసేవాడు.

మందు పనిచేస్తోందని డాక్టరమ్మ సంతోషించింది. రెండేళ్లు సంతోషిస్తూనే ఉంది.

ఈ ఏడాది కొత్తగా వచ్చిన క్లాసు టీచరు, ఎవరూ అడక్కుండానే, నెల రోజుల్లో బడిలో వచ్చిన మూర్ఛలు కాగితం మీద రాసి పంపింది. ముప్పై ఒకటి. ఆ నెలకు పుస్తకంలో ఉన్నవి నాలుగు. డాక్టరమ్మ మొగుడూపెళ్లాల ముందే రెండూ పక్కపక్కన పెట్టుకుంది.

భార్య మొగుడివైపు తిరిగింది. "ఏవండీ, దీనికి బడంటేనే వస్తాయా? ఇంటికొస్తే బుద్ధిగా ఉంటుందా?"

ఆయన ఒక్క గుక్కలో అంతా కక్కేశాడు, మంచంతో సహా.

డాక్టరమ్మ మరింత నిశితమైన స్కాన్ రాసిచ్చింది. వారం తర్వాత తెర మీద మసక మచ్చ చూపించింది.

"ఇది పడినందుకు వచ్చింది కాదు. కడుపులో మెదడు తయారయ్యేటప్పుడే వచ్చింది. ఎదగమని కణం లోపల ఒక సంకేతం చేతులు మారుతూ వెళుతుంది. ఇక చాలని ఆపేవీ ఉంటాయి. ఈ కాస్త చోట ఆపేది పనిచెయ్యలేదు. కణాలు లావెక్కి, వరస తప్పి, ఉండుండి అన్నీ ఒక్కసారే కేకలు పెడుతున్నాయి."

"అంటే బ్రేకు పట్టలేదు."

"అంతే."

"ఎవరు చూసుకోవాల్సిందండీ అది?"

"ఎవరూ కాదు. ఒక కణంలో దానంతటదే జరిగిన పొరపాటు."

మెకానిక్ ఎనిమిదేళ్ల తర్వాత కుర్చీలో వెనక్కి వాలబోయాడు.

"కాకపోతే, మందులు పనిచెయ్యట్లేదని రెండేళ్ల కిందటే తెలిసుంటే ఈ స్కాన్ అప్పుడే తీయించేదాన్ని. ఆపరేషన్ గురించి అప్పుడే ఆలోచించేవాళ్లం."

వాలడం మానుకున్నాడు.

ఇంటికెళ్లే బస్సులో భార్య మొదలుపెట్టింది. "మంచం మీంచి పడని పిల్ల ఏ ఇంట్లో ఉందండీ? ఆ రోజే చెప్పుంటే నాలుగు తిట్టి వదిలేసేదాన్ని. ఈ రెండేళ్లకు ఏమని తిట్టను?"



ఆపరేషన్‌కు పనికొస్తుందో లేదో తేల్చడానికి పిల్లను అయిదు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. తలనిండా వైర్లు, ఎదురుగా కెమెరా. మూర్ఛ మొదలవగానే పక్కనున్నవాళ్లు ఒక బటన్ నొక్కాలి. భార్య చెయ్యి చాపింది. "నన్ను నొక్కనివ్వవే" అని బతిమాలి ఆయన తీసుకున్నాడు. ఆమె ఎదురు కుర్చీలో కాపలా కూర్చుంది.

మొదటిరోజు పంతొమ్మిదిసార్లు నొక్కాడు. వాటిలో మూర్ఛలు పదకొండు. నర్సు పరిగెత్తుకొచ్చీ వచ్చీ అలసిపోయి, "తుమ్మినా నొక్కుతారేంటండీ?" అని నిలదీసింది.

"నాన్నా, ఇప్పుడు నేను ఆవలిస్తున్నానంతే!" అని మొత్తుకుంది పిల్ల.

"ఆవలించు తల్లీ. ఏదేంటో వాళ్లు చూసుకుంటారు," అంటూ నొక్కేశాడు.

భార్య నవ్వలేదు. బటన్ కోసం చెయ్యి మాత్రం చాపలేదు.