గంటమ్మ తరగతికి గది నంబరు

ఇరవై ఆరేళ్లుగా ఆ హైస్కూల్లో గంట కొడుతున్న మనిషి కాబట్టి అందరికీ ఆమె గంటమ్మ. బడి వెనక తోపులో ప్రతి చెట్టూ ఆమెకు ఇంట్లో మనిషే. దీనికి జిగురు కారే జబ్బు, దానికి పక్క చెట్టంటే పడదు అని ఆమె చెబుతుంటే తొమ్మిదో తరగతి నోరు తెరుచుకుని వినేది. అది చూసి సైన్సు టీచరమ్మ బుధవారం మధ్యాహ్నాలు పిల్లల్ని ఆమెకే అప్పగించింది.

ఒక బుధవారం తనిఖీ అధికారి వచ్చాడు. ఆయన ఒప్పుకోకపోతే తోపు పాఠం ఆ రోజుతో సరి. ఆ భయంతోనే హెడ్మాస్టరు ముందురోజు తోపంతా ఊడ్పించాడు. ఆకు లేదు, పుల్ల లేదు. ఆకుల కింద పురుగుల్ని చూపిద్దామనుకున్న గంటమ్మకు చూపించడానికి ఏమీ మిగల్లేదు.

"గది నంబరు?" అన్నాడు అధికారి, ఫారం తీసి.

"గది లేదు సారూ, తోపే."

"నంబరు లేకపోతే తరగతి లేనట్టే. అయినా గంట కొట్టేవాళ్లు పాఠం చెప్పడమేంటమ్మా?"

గంట కొట్టే చేతికి బుర్రతో పనిలేదనుకునే జబ్బు మన బళ్లకు ఇవాళ్టిది కాదు.

"చెప్పన్లెండి," అంది గంటమ్మ. "కళ్లకు గంతలు కట్టుకుని ఓ చెట్టును తడమండి. మూడు చుట్లు తిప్పి వదుల్తాం, మళ్లీ దాన్నే పట్టుకోవాలి. మా పిల్లలందరూ పట్టుకున్నారు మరి."

ఆ చివరి మాట ఆయన్ని పొడిచింది. గంతలు కట్టించుకున్నాడు. ఓ చెట్టును తడిమి, మూడు చుట్లు తిరిగి, చేతులు చాపుకుంటూ వెళ్లి ఒకదాన్ని గట్టిగా వాటేసుకున్నాడు.

"ఇదే. లావు సరిపోయింది. పైన మాత్రం నున్నగా ఉంది. ఆకు రాలిందా?"

వాటేసుకున్నది హెడ్మాస్టర్ని. పై అధికారి చేతుల్లో ఉండగా కదలడం మర్యాద కాదని ఆయన ఊపిరి కూడా బిగబట్టాడు.

"చెట్టుకు గుండె కొట్టుకుంటోందేంటి?"

"తనిఖీ అంటే భయం సార్ దానికి," అంది వెనక నిలబడ్డ పిల్ల.

గంటమ్మ నవ్వు దిగమింగి ఆయన్ని పక్కకు తిప్పింది. "తొందరొద్దు సారూ. మీ చెట్టుకు మోకాలి దగ్గర ఏముంది?"

ఆయన ఆలోచించాడు. "బుడిపె. దాని పక్కన తడి నాచు." ఒక్కో మాను దగ్గరా వంగి తడుముతూ, నాలుగోదాని దగ్గర "దొరికింది" అన్నాడు. గంతలు విప్పేసరికి మోకాళ్ల నిండా మట్టి, మొహం నిండా తొమ్మిదో తరగతి పిల్లాడి సంబరం.

"నాచు ఒకవైపే ఉందేంటి?" అని అడిగాడు. గంటమ్మ చెప్పింది. కింద ఒక్క ఆకూ లేదేంటని ఆయన ఇంకోటి అడిగాడు. గంట కొట్టాల్సిన మనిషి అక్కడే ఉండిపోవడంతో బడిలో ఒక్కరూ ఇంటికి కదల్లేదు.

గది నంబరు దగ్గర ఆయన 'నాలుగో చెట్టు' అని రాశాడు. టీచరు పేరు దగ్గర గంటమ్మను అడిగి ఆమె అసలు పేరు రాశాడు. సూచనల్లో ఒక్కటే: తోపును ఇకమీదట ఊడ్వరాదు.