కొమ్ములు లేని జింక

ఆదోనిలో రైల్వే స్టేషన్ నుంచి మార్కెట్ యార్డు వైపు పోయే దారిలో మా షాపు ఉంది. ముందు గదిలో నేను టీ షర్టుల మీద పేర్లూ బొమ్మలూ అచ్చు వేస్తాను. వెనక గదిలో నా భార్య కుట్టుపని చూసుకుంటుంది. మాకు వచ్చే పనిలో సగానికి పైగా ఊళ్ళ క్రికెట్ జట్లది, మిగిలింది కబడ్డీ వాళ్ళది. ఉరుకుంద జాతర ముందు మాత్రం నడిచిపోయే భక్తుల గుంపులకు ఈరన్న స్వామి పేరు వేసిన చొక్కాలు తప్ప ఇంకేమీ ముట్టుకోము.

నాలుగేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఎమ్మిగనూరు నుంచి ఒక మేడం వచ్చారు. ఆడపిల్లల కాలేజీలో ఆటలు నేర్పుతానని చెప్పి, బ్యాగులోంచి ఎర్ర కుట్లున్న తెల్లటి బంతి తీసి బల్ల మీద పెట్టారు. క్రికెట్ బంతి కన్నా కాస్త పెద్దగా ఉంది.

“బేస్‌బాల్ జట్టు పెట్టినామన్నా. డ్రెస్సు కుట్టియ్యాల,” అన్నారు.

“బేస్‌బాలా? మన దిక్కు ఎవరాడతారు మేడం?”

“మా పిల్లోళ్ళు ఆడతాండారు. పదముగ్గురు. పోటీలు మీ ఊర్లోనే పెడతాండారు, వచ్చి సూడు.”

ఆ ఆట నాకు తెలియదని ఒప్పుకున్నాను. మేడం నా కొలత కర్ర తీసుకుని బ్యాటులా పట్టుకుని, బంతి ఎట్లా వస్తుందో, కొట్టి ఎటు పరుగెత్తాలో షాపులోనే చూపించారు. కొట్టేవాళ్ళ వెనక ఒకరు గొంతుకూర్చుని బంతి పట్టుకోవాలట. అన్నిటికన్నా కష్టమైన చోటు అదేనని, ఆట అయ్యేదాకా లేస్తూ కూర్చుంటూ ఉండాలని చెప్పారు.

ఆ వారం ఫోన్లో వెతకడమే నా పనైంది. విదేశాల్లో డబ్బు తీసుకుని ఆడే పెద్ద పెద్ద జట్ల బట్టలు ఏ కాలంలో ఎట్లా మారాయో ఫొటోలు వరసగా దొరికాయి. మొదట్లో కంబళి లాంటి మందపు ఉన్ని చొక్కాలు, వాటికి కాలర్లు. తర్వాత కాలర్లు పోయి వీపు మీద అంకెలు వచ్చాయి. కొన్నేళ్ళు గుండీలు తీసేసి తల మీదుగా తొడుక్కునే చొక్కాలు వేశారు, నడుముకు బెల్టు బదులు లాస్టిక్ పెట్టారు, రంగులు కళ్ళు చెదిరేట్టు వాడారు. ఆ మోజు తీరాక మళ్ళీ గుండీలు, మళ్ళీ బెల్టు. జట్టు గుర్తులూ అంతే. ఒక్క అక్షరంతో మొదలైనవాళ్ళు జంతువు బొమ్మకు పోతారు, ఆ జంతువు కొన్నేళ్ళు నవ్వుతుంది, కొన్నేళ్ళు పళ్ళు కొరుకుతుంది, ఆఖరికి మళ్ళీ అక్షరానికే వస్తారు. ఒకచోట ప్యాంట్ల గుడ్డ పలచనై లోపలివి కనిపిస్తున్నాయని పెద్ద ఆటగాళ్ళే గొడవ పెట్టుకున్నారన్న వార్త చూసి నవ్వుకున్నాను. నా భార్యకు చూపిస్తే ఆమె నవ్వలేదు. “గుడ్డ మందంది తీస్కరా,” అని మాత్రం అంది.

నేను గీసిన డ్రెస్సు ఇది: తెల్ల ప్యాంటు, గుండీల తెల్ల చొక్కా, దాని మీద సన్నని నీలం గీతలు, రొమ్ము మీద నోరు తెరిచిన పులి. పులి తల నా దగ్గర అప్పటికే ఉంది. ఒక కబడ్డీ జట్టుకు చేసిందే, కాస్త తిప్పి వేశాను. అమ్మాయిలు వచ్చి వేసుకుని చూసుకుని ఒకరినొకరు ఫొటోలు తీసుకున్నారు. అంత తెల్లటి, అంత శుభ్రమైన పని నా చేతి మీదుగా అంతకుముందు వెళ్ళలేదు. నాకు గర్వంగానే ఉండింది.

పోటీలు మొదలైన రోజు షాపు మూసి గ్రౌండుకు పోయినాను. బంతి పట్టే చోట ఆడే అమ్మాయిది ఆలూరు దగ్గర పల్లె. ఎమ్మిగనూరు హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. కూర్చున్నచోటి నుంచే బంతి విసిరితే అవతలి మూలకు నేరుగా పోయేది. మొదటి మ్యాచ్ ఆమె వల్లే గెలిచారు.

మరుసటి రోజు రెండో మ్యాచ్. ఆట సగం కాకముందే ఆ అమ్మాయి ట్రాక్‌సూటు పైచొక్కా తెచ్చి నడుముకు చుట్టుకుంది. అంపైర్ ఆట ఆపి, అందరి డ్రెస్సూ ఒకేలా ఉండాలి, అది తీసెయ్యమన్నాడు. ఆమె కదలకుండా నిలబడింది. ఆయన మళ్ళీ అన్నాడు. ఆమె చేతి తొడుగు తీసి నేల మీద పెట్టి, గ్రౌండు దాటి పోయి, గోడ పక్కన అటు తిరిగి కూర్చుంది. కడుపునొప్పి అని మేడంకు చెప్పిందట. ఆమె చోట ఇంకో అమ్మాయి కూర్చుంది కానీ బంతులు చేతిలో నిలవలేదు. జట్టు ఓడిపోయింది.

నాకు తట్టిందల్లా కుట్టు సంగతే. దగ్గరికి పోయి అడిగాను.

“ఏం పాపా, నడుము కాడ బిగుసుకుందా? కొలత తప్పిందా?”

“లేదన్నా,” అంది తల ఎత్తకుండా.

“సెప్పు, సరిసేసిస్తాను.”

“ఏం లేదన్నా. నువ్వు పో అన్నా.”

ఇంటికొచ్చి నా భార్యతో, ఆ అమ్మాయి కొలత నువ్వు సరిగ్గా తీసుకోలేదేమో అన్నాను. జరిగిందంతా చెప్పాను. ఆమె కత్తెర పక్కన పెట్టింది.

“కూర్చొని లేసే పిల్లకు తెల్ల ప్యాంటు ఇచ్చినాం. నెలలో ఆ నాలుగు దినాలు అందరి ముందర యెట్ల కూర్చుంటాదప్పా?”

నేను బల్ల మీద మిగిలిన తెల్ల గుడ్డ ముక్క చేతిలోకి తీసుకున్నాను.

“నీకూ ఇద్దరు ఆడబిడ్డలుండారు,” అంది. మళ్ళీ కత్తెర అందుకుంటూ, “నాకు మాత్రం తోచిందా, కుట్టేటప్పుడు? నేనూ ఆలోసన సెయ్యలా,” అంది.

ఆ మాట నన్ను కాపాడటానికి అన్నదో, నిజంగానే తనని తాను అనుకున్నదో తెలియదు. ఇరవై ఏళ్ళుగా మనుషులకు బట్టలు చేసి ఇస్తున్నాను. రంగు వెలుస్తుందా, కుట్టు విడుతుందా అని చూసుకున్నాను గానీ, వేసుకున్నవాళ్ళు అందులో ఏం అవస్థ పడతారో అడగాలని అనుకోలేదు.

నా భార్యే మేడంకు ఫోన్ చేసింది. ఆదివారం అమ్మాయిలు ఆరుగురు బస్సులో వచ్చారు. ముందు గదిలో నన్ను చూసి ఎవరూ నోరు విప్పలేదు. వెనక గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకున్నారు. మొదట గుసగుసలు, తర్వాత ఒకరి మాట మీద ఒకరు, తర్వాత నవ్వులు. అరగంటకు నా భార్య బయటికి వచ్చి చెప్పింది.

“ఒక్క పిల్ల కాదు. అందరిదీ అదే బాధ. ఇద్దరైతే ఆట మానేస్తామని మేడంకు సెప్పలేక సతమతమైతాండారు. నల్ల నీలం గుడ్డ తీస్కరా. లోపల ఇంకొక వరస గుడ్డ నేనేస్తా.”

మేడం సంతోషించారు గానీ పోటీలు నడిపే పెద్దాయన ఒప్పుకోవాలన్నారు. నేనూ ఆమెతో పోయినాను. పెద్దాయన మర్యాదగానే కూర్చోబెట్టి టీ తెప్పించారు.

“బేస్‌బాల్ అంటేనే తెల్ల ప్యాంటు కదప్పా. ప్రపంచమంతా అదే. మార్సాల్సిన పనేముంది?”

మేడం నా వైపు చూశారు. నేను కారణం చెప్పలేకపోయాను. ఫోన్ తీసి, నేను దాచుకున్న ఫొటోలు చూపించాను. ఉన్ని చొక్కాల నుంచి లాస్టిక్ నడుముల దాకా.

“వాళ్ళే ఎన్నిసార్లు మార్సుకున్నారో సూడండి సార్. బూడిద రంగుయి ఉండాయి, నీలంయి ఉండాయి.”

“అది వాళ్ళ ఇష్టం. మనం పద్ధతి తప్పగూడదు.”

అప్పుడు మేడం నేరుగా చెప్పేశారు. “సార్, నెలసరి వచ్చిన దినం తెల్ల ప్యాంటుతో గొంతుకూర్చోలేక ఆ పిల్ల గ్రౌండు ఇడిసిపోయింది. మీరు చూసినారు కదా.”

ఆయన టీ గ్లాసు పక్కకు జరిపారు. తర్వాత రూల్సు పుస్తకం తెరిచి ఒక పేజీ మీద వేలు పెట్టి చదివారు. జట్టులో అందరూ ఒకే రంగు వేసుకోవాలని ఉంది, ఏ రంగని లేదు. “అట్లనే కుట్టించుకోండమ్మా,” అన్నారు. మేము లేచేటప్పుడు, “ముందే సెప్పింటే ఆ దినం అంపైర్‌తో నేనే మాట్లాడుంటిని,” అన్నారు మెల్లగా.

ప్యాంట్ల కొలతలకు వచ్చినప్పుడు ఆ ఆలూరు అమ్మాయి ఇంకో మాట కదిపింది. “ఎట్లాగూ మారుస్తాండావు కదన్నా. ఆ పులి కూడా తీసెయ్యి.”

“పులికేమైంది?”

“పులిని మేము యాడ సూసినాం? మాకు తెలిసింది ఎయ్యన్నా. జింకనెయ్యి.”

ఆలూరు దిక్కు నల్లరేగడి చేలల్లో జింకలు మందలు మందలుగా తిరుగుతాయి. మిగతా అమ్మాయిలూ సరే అన్నారు. నేను మెలి తిరిగిన పొడుగు కొమ్ముల జింకను గీసి ఫోన్లో పంపాను. బాగా వచ్చిందనే అనుకున్నాను. వెంటనే ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

“కొమ్ములుండేది మగదానికన్నా. మేము ఆడోళ్ళం కదా.”

కొమ్ములు తీసేశాను. తీసేస్తే అది మేకపిల్లలా ఉంది. మెడ పొడుగు చేస్తే గాడిదలా వచ్చింది. రెండు వారాలు గీశాను. అప్పటిదాకా నేను జింకను దగ్గర నుంచి చూసింది లేదు, రోడ్డు మీద పోతూ దూరాన చూసిందే.

ఆ రోజుల్లోనే ఒకనాడు ఆ అమ్మాయి వాళ్ళమ్మను వెంటబెట్టుకుని షాపుకొచ్చింది. ఆమె పత్తి ఏరే కూలికి పోతుంది, కాస్త సొంత చేను కూడా ఉంది. కోపంగా ఉందని గడప ఎక్కేటప్పుడే తెలిసింది.

“జింకను ఏస్తాండేది నువ్వేనా అప్పా?”

“నేనేనమ్మా. మీ పాపే అడిగింది.”

“మా సెనిక్కాయ సేను రెండుసార్లు మేసిపోయినాయి. మొలక రావడం, అవి రావడం. మళ్ళీ ఇత్తనం యాడ తేవాల? దాన్ని నా బిడ్డ రొమ్ము మీద ఏసుకొని తిరగాల్నా?”

అమ్మాయే అంది, “అమ్మా, సిన్నప్పట్నుంచి వాటెనకాల ఉరికించింది నువ్వే కదా. రాళ్ళు ఇసిరి ఇసిరే నాకీ సెయ్యి వచ్చింది. మేడం కూడా అదే అంటాది.”

తల్లి నవ్వలేదు. బల్ల మీద నా కాగితాలు కనిపించాయి. ఒకటి చేతికి తీసుకుని చూసి నా భార్యను అడిగింది, “ఇదేంది, మేకనా?”

“జింకేనంట,” అంది నా భార్య.

“యాడ సూసినావప్పా నువ్వు జింకను? ఇట్ల దూకదు అది.” కాగితం బల్ల మీద పెట్టి వేలితో చూపించింది. “నాలుగు కాళ్ళూ ఒక్కసారే నేల ఇడిసిపెడతాయి. కాళ్ళు కడుపు కిందికి ముడుసుకుంటాది. మెడ ఇట్ల పైకి పోతాది. సెవులు ఎనక్కి. కంటి సుట్టూ తెల్లగా ఉంటాది, సున్నం పూసినట్ల.”

నేను పెన్సిల్ తీసుకుని ఆమె చెబుతుంటే గీశాను. ఆమె రెండుసార్లు కొట్టేయించింది. మూడోసారి, “ఆ, ఇప్పుడైంది,” అంది. అప్పుడు చూస్తే కొమ్ములు లేకపోయినా అది జింక తప్ప ఇంకేమీ కాదు. పోయేటప్పుడు, “సేను తినిపోయేదాన్ని నేనే సూపిస్తి సూడు,” అని తనలో తాను అనుకుంటూ మెట్లు దిగింది. అమ్మాయి వెనక్కి తిరిగి మాకు చెయ్యి ఊపింది.

మరుసటి ఏడాది పోటీలకు జట్టు నీలం ప్యాంట్లతో, జింక చొక్కాలతో దిగింది. మట్టి ఎండి ప్యాంట్ల మీద తెల్లగా మచ్చలు పడ్డాయి గానీ వాటినెవరూ పట్టించుకోలేదు. ఆ అమ్మాయి అన్ని మ్యాచ్‌లూ మొదటి నుంచి చివరిదాకా కూర్చుని ఆడింది. రెండు గెలిచి ఫైనల్లో ఓడిపోయారు. అవతలి జట్టు నిజంగానే బాగా ఆడింది. వాళ్ళ మేడం ఆట అయ్యాక మా దగ్గరికి వచ్చి ప్యాంటు గుడ్డ పట్టి చూసి, లోపల ఏం వేశారని నా భార్యను అడిగి తెలుసుకున్నారు. ఆ తర్వాత రెండు జట్లు మా దగ్గరే కుట్టించుకున్నాయి.

ఆ అమ్మాయి డిగ్రీ అయిపోయింది. ఇప్పుడు ఆలూరులో ఒక ప్రైవేటు బడిలో ఆటలు నేర్పుతోంది. పోయిన నెల బడి పిల్లల కొలతలు పట్టుకుని వచ్చింది. వాళ్ళమ్మ ఎట్లుందని అడిగితే జింకల బాధకు ఈ ఏడు సెనిక్కాయ మానేసి పత్తి వేసిందని చెప్పింది.

ఎమ్మిగనూరు జట్టులో కొత్తవాళ్ళు వచ్చారు. వాళ్ళకు బొమ్మ చిన్నదై చేతి మీదికి పోవాలట, రొమ్ము మీద తెలుగులో ‘జింకలు’ అని అడ్డంగా రాయాలట. అక్షరాలు గీయడం కష్టం కాలేదు. గుండీల పట్టీ మాత్రం సరిగ్గా ‘క’ మధ్యలోకి వస్తోంది. గుండీలు పెట్టగానే అక్షరం చీలి పక్కకు జరుగుతోంది. ‘జిం’ ఒక వైపు, ‘కలు’ ఒక వైపు ఉండేట్టు జరిపి చూడమని నా భార్య అంది. నిన్న ఒక చొక్కా మీద అట్లా అచ్చు వేసి తీగ మీద ఆరేశాము.