బాణం గుర్తు లేని అలలు

రాడార్ చిత్రంలో సముద్రపు అలలు దువ్వెన పళ్లలా బారులు తీరి కనిపిస్తాయి. వాటి మధ్య దూరం కొలవవచ్చు. ఎటు కదులుతున్నాయో మాత్రం ఆ ఒక్క చిత్రం చెప్పదు. రిటైరయ్యాక నేను చేరిన, ఓడలకు అలల పటాలు తయారుచేసే పంజాగుట్ట సాఫ్ట్‌వేర్ ఆఫీసులో మేనేజరుకు ఈ మాట గిట్టలేదు.

"మేడం, జర బాణాలు పెట్టున్రి. అలలు ఒడ్డుకే గద వస్తయి!"

"ఇది నడిసముద్రమండీ. ఏ ఒడ్డుకు?"

"అమీర్‌పేటల మూడు నెలలు కోర్సు చేసినోళ్లు సుత పెట్టిచ్చిండ్రు. మీ కాంట్రాక్టు ఈ నెలతోని అయిపోతది, సోచాయించున్రి."

"అయితే పటం కింద సంతకం కూడా వాళ్లచేతే పెట్టించుకోండి."

ఆ పటం చూసి ఓడలు దారి ఎంచుకుంటాయి. ఆ కోర్సు పిల్లలు పెట్టిన బాణాలన్నీ చెరిపేసి, 'దిశ తెలియదు, ఇంకో చిత్రం కావాలి' అని రాసి నేనే సంతకం చేశాను. కాంట్రాక్టు పొడిగించలేదు. ఇప్పుడు అడిగినా అదే రాస్తాను.