అతిథులమని చెప్పి ఇరుక్కుపోయిన కొండ ఊరు

రాజన్న ఇంకో వారంలో ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే మళ్లీ రాకుండా, సొంతూరు నిర్మల్ వెళ్లిపోతాడనగా జరిగింది ఇది. సౌదీలో ఇన్నేళ్లూ ఆయన కట్టినవన్నీ షెడ్లు, ప్రహరీలు. సగం అప్పుడే కూల్చేశారు. ఇక మిగిలేది అభా దగ్గర కొండ మీది పాత ఊళ్లో తాను రాళ్లు పేర్చిన బురుజు ఒక్కటే. దాని ముందు నిలబడి ఫోటో దిగాలని ఆయన కోరిక. "గిన్నేండ్లు ఏం చేసినవని ఇంట్ల అడిగితే ఏదో ఒకటి చూపెట్టాలె గద తమ్మీ" అన్నాడు. నాకూ శుక్రవారం సెలవే కాబట్టి సరేనన్నాను.

ఉదయం తొమ్మిదికి అభాలో బయలుదేరాం. కడప బాషాభాయ్ టాక్సీ, పోనురాను నూట యాభై రియాళ్లు. ఘాట్ రోడ్డు మీద ముప్పావుగంట పట్టింది. దారిలో రాజన్న నాతో ఒట్టు వేయించుకున్నాడు. "నేనా ఊర్ల పనిచేసిన్నని ఎవ్వలకు చెప్పకు. అప్పుడు నా కఫీల్ వేరేటోడు. తెలిస్తే ఎగ్జిట్ ఆగిపోతది." కఫీల్ అంటే మన పర్మిట్ ఎవరి పేరు మీద ఉంటుందో ఆ యజమాని. ఆయన్ను కాదని బయట పనిచేయడం నేరం. అందుకని ఊరు చూడ్డానికి వచ్చిన అతిథులమని చెప్పుకోవాలనుకున్నాం.

పాత ఊరి తలుపుకు తాళం. రోడ్డు, వీధిదీపాలు, చెత్త చూసేది బలదియా, అంటే మునిసిపాలిటీ. శుక్రవారం అది మూత. తలుపు లోపల మాత్రం తరతరాలుగా ఊరిపెద్ద ఉమ్దా మాటే చెల్లుతుంది. తాళంచెవి ఆయన జేబులోనే ఉంది, తియ్యడు! అతిథులమని చెప్పాం కదా, వచ్చిన అతిథి ఊరందరికీ అతిథి అట, ఇంటింటికీ వంతులున్నాయట, ఈ వారం వంతు ఇంట్లో భోంచేశాకే ఊరు చూడాలట. ఆ ఇంటాయనేమో మధ్యాహ్నం జుమ్మా నమాజు అయ్యాక గానీ రాడట.

"ఇదేం మర్యాద బాషాభాయ్? పొద్దు పోతున్నది" అని విసుక్కున్నాను.

"ఊరకుండు సామీ, వద్దంటే వాళ్లకు అవమానం. తిని పోదాంలే" అన్నాడాయన.

కహ్వా అనే అరబ్బీ కాఫీ, ఖర్జూరాలు, మళ్లీ కహ్వా. ఎప్పటికో పెద్ద పళ్లెంలో అన్నం, మటన్ వచ్చాయి. రాజన్నకు ముద్ద దిగలేదు. కిటికీలోంచి మబ్బు కొండెక్కి రావడం చూస్తూ కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

తాళం తీసేసరికి మూడున్నర దాటింది, మంచు మొత్తం కమ్మేసింది. బురుజు ఉండాల్సిన చోట తెల్లటి తెర తప్ప ఏమీ లేదు. రాజన్న చేతులు చాచుకుని నడిచి గోడ పట్టుకున్నాడు. వాన నీళ్లు గోడను తాకకుండా బయటికి పొడిచి పెట్టిన పలకరాళ్ల వరసను తడుముతూ, "ఇది నాదే తమ్మీ" అని ఏడ్చేశాడు. ఏమైందని ఉమ్దా అడిగాడు. ఇక దాచలేక బాషాభాయ్ ఉన్నది చెప్పేశాడు. ఉమ్దా గట్టిగా అరవడం మొదలుపెట్టాడు. రాజన్న గోడ వదిలేసి భయంగా బాషాభాయ్ వైపు తిరిగాడు.

"ఏమంటున్నడు భాయ్?"

"ఈ ఊర్లో రాయి పెట్టినోడు అతిథి ఎట్లయితాడని తిడతాండాడు. నువ్వు ఊరోడివే, నీకు వంతు లేదు, తాళమూ లేదంట. పొద్దున్నే చెప్పింటే అప్పుడే తీసేవాణ్ణి గదా అంటాండాడు."

ఫోటోలో పడింది రాజన్న అరచెయ్యి, దాని కింద రెండు రాళ్లు, అంతే. దాంతోనే ఇంటికి వెళ్లాడు. రోజంతా నేను ఆ ఊరి మర్యాదను తిట్టుకున్నాను. నిజానికి తిట్టాల్సింది, సొంత చేతుల్తో కట్టినదాన్ని నాదని చెప్పడానికి మనిషిని భయపెట్టే ఈ కాగితాల బతుకును.

వెళ్లేవాళ్లకు ఒక్క సూచన: మధ్యాహ్నం దాటితే మంచు కమ్ముతుంది, పొద్దున్నే వెళ్లండి. మీలో ఎవరైనా అక్కడ ఒక్క రాయి పెట్టి ఉంటే, ఆ మాట తలుపు దగ్గరే చెప్పేయండి.