వేలి క్లిప్పు, రక్తపు చిప్పు

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో ధర్మవరం నుంచి హిందూపురంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఐసీయూ ఇన్‌చార్జిగా వచ్చాను. వృత్తికి నేను మత్తు డాక్టర్ని. ఊపిరి చాలనివాళ్లకు గొంతులో గొట్టం వేసి వెంటిలేటరు మీద పెట్టడం కూడా మా పనే.

నేను చేరిన కొత్తలోనే చేతిలో పట్టే యంత్రం ఒకటి కొన్నారు. అందులో దూర్చే చిన్న ప్లాస్టిక్ కార్ట్రిడ్జిలో గోరంత సిలికాన్ చిప్పు, దాని మీద కంటికి ఆనని సెన్సార్లు ఉంటాయి. మణికట్టు ధమని నుంచి తీసిన రెండు మూడు చుక్కల రక్తం వేస్తే ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ఎంతున్నాయో అక్కడికక్కడే చెప్పేస్తుంది. దానికి ఉన్నది ఒక్కటే పొగరు. గది వేడి ముప్పై డిగ్రీలు దాటితే పని చేయనంటుంది. మే నెలలో హిందూపురం ఎలా ఉంటుందో దాన్ని తయారుచేసినవాళ్లకు తెలిసినట్టు లేదు.

ఆ మే నెలలోనే చిలమత్తూరు వైపు నుంచి నంజప్ప అనే గొర్రెల కాపరిని తెచ్చారు. గొర్రెలకు పిడుదులు పడితే, పురుగుమందు నీళ్లలో కలిపి, ఒట్టి చేతులతో మంద మొత్తానికీ స్నానం చేయించాడట. మందు చర్మం గుండా ఒంట్లోకి దిగింది. విరుగుడు ఇంజెక్షన్లతో చెమటలు, నోటి చొంగ తగ్గాయి. మర్నాడు మధ్యాహ్నం తలగడ మీంచి తల ఎత్తమంటే ఎత్తలేకపోయాడు. ఈ విషంలో మెడ సడలిందంటే తర్వాతి వంతు ఊపిరి కండరాలది. నాకు భయం వేసింది.

వెంటనే గొట్టం వేయాలన్నాను. నంజప్ప బామ్మర్ది అశ్వత్థప్ప మంచానికి అడ్డం నిలబడ్డాడు. నంజప్ప వేలికి పెట్టిన, ఆక్సిజన్ శాతం చెప్పే క్లిప్పు చూపించాడు.

“తొంభై ఎనిమిది ఉండాది గదమ్మా! కరోనాలో ఈ క్లిప్పు మా ఇంట్లో పెట్టుకుంటిమి. తొంభై అయిదు పైనుంటే భయం లేదని మీ డాక్టర్లే చెప్తిరి. మా పెదనాయనకు గొట్టం ఏసినారు, మళ్లా ఇంటికి రాలా.”

కాదనడానికి ఏముంది? చెప్పింది మేమే. ముక్కుకు ఆక్సిజన్ పెట్టాక ఆ అంకె ఎలాగూ బాగానే ఉంటుంది. బయటికి పోక లోపల మిగిలిపోయే కార్బన్ డయాక్సైడ్ సంగతి క్లిప్పుకు తెలియదు. నంజప్ప కళ్లు మూతలు పడుతున్నాయి. అతని భార్య గంగమ్మ అట్టముక్కతో విసురుతూ, “కునుకు పట్టినాది, లేపొద్దండమ్మా” అంది. అది నిద్ర కాదని నాకు అనుమానం.

రక్తం పరీక్ష చేసి చూపిద్దామంటే కరెంటు లేదు. జనరేటరు మీద ఏసీ నడిచేది ఆపరేషన్ థియేటర్లోనే. యంత్రం వేడి ఎక్కువైందని తెర మీద చూపి ఊరుకుంది. సిస్టర్ సులోచన ఫ్రిజ్‌లో పెడదామా అంది. లోపల తేమ పట్టి అసలుకే పాడవుతుందని వద్దన్నాను. యంత్రాన్నీ కార్ట్రిడ్జినీ ఆమె చేతికిచ్చి థియేటర్లోకి పంపాను. అది చల్లబడేదాకా రక్తం తీయలేదు, సిరంజిలో నిలవుంటే అంకెలు మారిపోతాయి. ఆ కాసేపూ నంజప్ప డొక్కలు ఎగరడం చూస్తూ నిలబడ్డాను. ఊపిరి ఆగితే వాళ్లు ఏమన్నా సరే గొట్టం వేసేద్దామని, గొంతులోకి దారి చూపే లారింగోస్కోపు చేతిలోనే పట్టుకున్నాను.

సులోచన కబురు పంపగానే రక్తం తీసి, గాలి బుడగ లేకుండా చూసుకుని, అశ్వత్థప్పను కూడా చెప్పులు విప్పించి వెంట తీసుకుపోయాను. కార్బన్ డయాక్సైడ్ నలభై దగ్గర ఉండాలి. తెర మీద డెబ్బై ఎనిమిది పడింది.

“మీ వంటింట్లో పొయ్యి మండుతోంది, పొగ పోయే దారి మూసుకుపోయిందనుకోండి. మీ బావది నిద్ర కాదు, ఒంట్లో అలా నిలిచిపోయిన గాలికి వచ్చిన మత్తు” అన్నాను.

అతను అంకె వైపు, నా వైపు చూశాడు. “ఇంగ చూస్తాండారేమమ్మా, ఎయ్యండి” అని మంచం వైపు నాకన్నా ముందే పరుగెత్తాడు.

నంజప్ప చాలా రోజులు వెంటిలేటరు మీదే ఉన్నాడు. చివరికి తన కాళ్ల మీద నడిచి వెళ్లాడు. డిశ్చార్జి రోజు అశ్వత్థప్ప నన్ను పక్కకు పిలిచి, “ఆ చిన్న మిషను యాడ దొరుకుతాదమ్మా? ఇంట్లో ఒకటి పెట్టుకుంటాం” అని అడిగాడు.

నవ్వొచ్చింది గాని నవ్వలేదు. ఆ యంత్రానికి తెలియనివి ఏమేమిటో అతన్ని అక్కడే నిలబెట్టి చెప్పాను. రిటైరయ్యేదాకా ఏ ఇంటివాళ్లకు ఏ అంకె చెప్పినా, అది చెప్పలేనిది కూడా చెప్పాకే మంచం దగ్గర నుంచి కదిలాను.